బస్తా అడుగున ఎంబీఏ

బూర్గంపాడు,
11 జూన్ 2006

హైదరాబాద్ దవాఖానాలో బిల్లులు కొట్టే మేనకోడలు సంగీతకు, బూర్గంపాడు క్రాస్‌రోడ్డులో టైర్లకు గాలి కొట్టే మేనమామ ధన్‌సింగ్ రాసేది.

నువ్వు పంపిన రెండు రంగు పుస్తకాలూ చేరాయి. ఒకదాని అట్ట మీద టై కట్టుకున్న పిల్లలు నవ్వుతున్నారు. రెండోదాని మీదా అవే టైలు, అదే నవ్వు. మొదటిదాని ఫీజు లక్షా అరవై వేలు. రెండోది సువర్ణగిరి గ్లోబల్ యూనివర్సిటీ అట, ఇరవై ఎనిమిది వేలు. నవ్వులో తేడా ఏమన్నా ఉందేమోనని ఎండలో పెట్టి మరీ చూశాను. కనపడలేదు.

ఇంటర్నెట్‌లో ఎంబీఏ చదవడమంటే ఏమిటని పక్క షాపు మక్సూద్‌ని అడిగాను. జిరాక్స్ మెషిన్‌తో పాటు ఈ మధ్య రెండు కంప్యూటర్లు కూడా పెట్టాడు కదా. "ధన్‌సింగ్ భాయ్, కాలేజీకి నువ్వు పోవుడు కాదు, కాలేజే నీ కాడికి వస్తది" అన్నాడు. "వస్తే దానికి చాయ్ నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా" అన్నాను. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

ఇక అసలు సంగతి. ఖమ్మం మిర్చి యార్డులో పదకొండేళ్ళు బస్తాలు మోశాను. అక్కడ నేర్చుకున్నది ఒక్కటే. బస్తా మూతి దగ్గర కనపడే ఎర్రటి కాయను చూసి ఎవడూ రేటు కట్టడు. చెయ్యి భుజం దాకా లోపలికి పెట్టి అడుగు కాయ తీయాలి. పైన మేలిరకం తేజా, కింద పాలిపోయిన తాలు కాయ కలిపి కుట్టిన బస్తాలు లారీలకు లారీలు చూశాను. అట్ట మీద నవ్వు బస్తా మూతి. నీ రెండు పుస్తకాలకూ అడుగు కాయ ఏమిటో కనుక్కుని రాయి. ఆ తర్వాత మీ నాన్నతో నేను మాట్లాడతాను. మీ అమ్మ, మా గోరక్క పోయిన దగ్గర్నుంచి మీ తండ్రీబిడ్డల మధ్య తీగను నేనే కదా.

ఫోన్ చెయ్యమన్నావు. ఫోన్లో అయితే నా ముచ్చట సగంలో ఉండగానే "సరే మామా" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టేయలేవు, అందుకే ఇది.

అన్నట్టు, కోడిపుంజుకు లైసెన్సు కావాలని మండల ఆఫీసు నుంచి వచ్చినట్టు కిషన్‌లాల్‌కి నేను రాసిన కాగితం గుర్తుందా? పుంజును చంకలో పెట్టుకుని ఆఫీసుకు పోయి లైన్లో నిలబడ్డాడు. ఇప్పటికీ నా షాపులో గాలి కొట్టించుకోడు.

ఎనిమిదో తరగతి రెండుసార్లు శ్రద్ధగా చదివిన,
ధన్‌సింగ్ మామ


హైదరాబాద్,
25 జూన్ 2006

మామా,

నవ్వాను. కిషన్‌లాల్ బాబాయి మాత్రం పాపం. పదో తరగతి రిజల్టు రోజున హెడ్మాస్టరు రాసినట్టు నువ్వు రాసిన కాగితం నాకింకా గుర్తుంది. ఫెయిలని చదివి, నువ్వు మిఠాయి పొట్లంతో వచ్చేదాకా రెండు గంటలు బావి దగ్గర కూర్చుని ఏడ్చాను. దయచేసి ఈ విషయంలో నవ్వులాట పెట్టకు.

అడుగు కాయ అడిగావు, చెబుతున్నా. లక్షా అరవై వేలది మా హాస్టల్‌లో ఉండే భార్గవి చదువుతోంది. ప్రతి ఆదివారం నెట్ సెంటరులో ఆమె పక్కన కూర్చుని చూశాను. సారు మాట్లాడుతూ మాట్లాడుతూ పేరు పెట్టి పిలిచి ప్రశ్న అడుగుతాడు. జవాబు తప్పయితే వచ్చే వారం మళ్ళీ అడుగుతాడు. పరీక్షకు హాల్ టికెట్ ఉంటుంది, సెంటరుకు పోయి రాయాలి. పోయినసారి తప్పినవాళ్ళు మళ్ళీ రాస్తున్నారు. తప్పేవాళ్ళు ఉన్నారనే నాకు నమ్మకం కుదిరింది మామా.

సువర్ణగిరి వాళ్ళ దగ్గర చదివిన ముగ్గురి నంబర్లు ఇమ్మని అడిగాను. ఒక నంబరు కలవలేదు. ఒకటి ఎవరో బట్టల షాపాయనది. మూడో అతను ఎత్తీ ఎత్తగానే "ఎప్పుడు జాయిన్ అవుతారు మేడం" అన్నాడు. ప్రభుత్వ గుర్తింపు ఉందా అంటే ఖమ్మం కోఆర్డినేటరు "అప్లై చేసినం" అన్నాడు. ఎప్పుడని అడిగితే లైను కట్ అయింది.

మా అడ్మినిస్ట్రేటరు చెప్పాడు, ఇంకో రెండేళ్ళలో బిల్లింగుకు అసిస్టెంట్ మేనేజర్ పోస్టు వస్తుందని, ఎంబీఏ ఉన్నవాళ్ళనే చూస్తారని. ఆరేళ్ళుగా కౌంటరు అద్దం వెనక కూర్చుని జనం తిట్లు తింటున్నాను. ఆ అద్దం ఇవతలికి రావాలంటే ఇదే దారి.

నాన్నను నేను అడగలేను. ఇంత మొత్తం నా నోటితో అంటే ఆయన తల వంచుకుంటాడు, నేను చూడలేను. నువ్వే చెప్పు. ఇవ్వలేనంటే ఇవ్వలేనని చెప్పమను, నేను ఆగుతాను. కానీ రెండూ ఒకటే అని మాత్రం అనుకోనివ్వకు. ఆగస్టు నెలాఖరు ఆఖరు తేదీ.

సంగీత


బూర్గంపాడు,
24 ఆగస్టు 2006

అద్దం వెనక కోడలికి, నీళ్ళలో తేలిన మామ రాసేది.

ఆలస్యం నాది కాదు, గోదావరిది. షట్టరు సగం దాకా నీళ్ళు. ట్యూబులన్నీ గాలి లేకుండానే తేలాయి. మక్సూద్ కంప్యూటరును నెత్తిన పెట్టుకుని హైస్కూలు మేడకు ఎక్కాడు. "ఆన్‌లైన్ కాలేజీ ఈత నేర్సిందా" అని అడిగాను. మళ్ళీ మాట్లాడటం మానేశాడు.

మీ నాన్నతో మాట్లాడాను. జైరాం బావ నా షాపుకే వచ్చాడు. సంగతంతా చెప్పాను. "రెండింటికీ సర్టిఫికెట్ ఒక్క తీరే ఇస్తరంటే ఎక్కువ ఎందుకు పెట్టాలె" అన్నాడు. దగ్గర అంతే ఉన్నట్టుంది. ఇరవై ఎనిమిది వేలకు డీడీ తీసి ఈ కవరులో పెట్టాను. తిట్టుకోకు. ఆయన లెక్క ఆయనది. దవాఖానా వాళ్ళు కాగితం అడిగారు గాని, ఏ సారు పేరు పెట్టి పిలిచాడని అడగలేదు కదా.

అడుగు కాయ సంగతి నాకు వదిలెయ్యి. చెయ్యి నేను పెడతాను.

ఇంకా బురద కడుగుతున్న,
ధన్‌సింగ్ మామ


హైదరాబాద్,
3 సెప్టెంబరు 2006

మామా,

డీడీ అందింది. కట్టేశాను. కట్టకుండా తిప్పి పంపుదామని రెండు రోజులు బ్యాగులో పెట్టుకుని తిరిగాను. ఏ ఎంబీఏ లేకుండా కూర్చోవడం కంటే ఇదే నయమనుకున్నాను.

నాన్న దగ్గర లేకపోతే నాకు బాధ లేదు. "ఎక్కువ ఎందుకు పెట్టాలె" అన్న మాట మాత్రం లోపల దిగబడిపోయింది. తమ్ముడు జగదీష్ పాలిటెక్నిక్‌కు అడిగితే ఆ మాట అనలేదే.

దసరాకు రావడం లేదు. డ్యూటీ అని చెప్పు.

సంగీత


బూర్గంపాడు,
15 మార్చి 2007

దసరాకూ రాని, దీపావళికీ రాని, హోలీకీ రాని కోడలికి,

తండాలో ఈసారి హోలీకి నా ముఖాన పేడ కొట్టేవాళ్ళే కరువయ్యారు. నువ్వుంటే మొదటి ముద్ద నీదే. మీ నాన్న కల్లంలో మిర్చి ఆరబోసుకుంటూ, "పిల్ల ఉత్తరమేమన్న వచ్చిందా" అని అడుగుతున్నాడు. వచ్చిందని, బాగుందని చెప్పాను. ఒక ముక్క ఆయనకే రాయరాదా?

నీ యూనివర్సిటీ ఖమ్మం కోఆర్డినేటరు జీపు మొన్న మా క్రాస్‌రోడ్డులోనే కూర్చుండిపోయింది. ఒకేసారి రెండు టైర్లు. నేను మేకులు చల్లలేదు, ఒట్టు. టైర్లు విప్పుతూ ఆయనతో బాగా మాట్లాడాను. మనిషి మంచి మాటకారి. అంతకంటే ఇప్పుడు చెప్పను. బస్తాలో చెయ్యి మోచేతి దాకా పోయింది, భుజం దాకా పోయాక చెబుతాను.

జీపుకు ప్యాచీ వేసిన,
ధన్‌సింగ్ మామ


హైదరాబాద్,
21 సెప్టెంబరు 2008

మామా,

చాలా రోజులకు మంచి మాట రాస్తున్నాను. అసిస్టెంట్ మేనేజర్ పోస్టు నాకే వచ్చింది. ఒకటో తేదీ నుంచి కుర్చీ అద్దం ఇవతల.

ఆ సువర్ణగిరి చదువు ఎలాంటిదో నీకు తెలియాలి. పరీక్ష పేపర్లు పోస్టులో ఇంటికే వచ్చాయి. తీరిగ్గా రాసి పోస్టులోనే పంపమన్నారు. నేను మాత్రం గడియారం ముందు పెట్టుకుని, పుస్తకం మూసి మూడు గంటలే రాశాను. ఎవరూ చూడకపోయినా అలాగే రాశాను. రెండేళ్ళూ భార్గవి పుస్తకాలు అడిగి తెచ్చుకుని చదివాను. ఆదివారం ఆమె పాఠం వింటుంటే వెనక నిలబడి నోట్సు రాసుకున్నాను. ఇంటర్వ్యూలో అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పింది ఆ చదువే. సువర్ణగిరిది ఒట్టి కాగితం. అరవై ఒక్క శాతం వేశారు.

ఆ కాగితం ఎక్కువ రోజులు నిలబడదని నాకు తెలుసు. అందుకే జనవరిలో భార్గవి చదివిన దాంట్లోనే చేరుతున్నాను. కొత్త జీతంలోంచి వాయిదాల్లో కడతాను. అది చేతికి వచ్చాక దీన్ని చించేస్తాను. అప్పటిదాకా సువర్ణగిరి పేరు ఎక్కడా ఎత్తకు.

నాన్నకు ఒక జిరాక్సు పంపుతున్నా. ఆయన కొన్నదే కదా, గోడకు కొట్టుకోమను.

హాస్టల్ మారుతున్నాను. కొంతకాలం ఆఫీసు అడ్రసుకే రాయి. కవరు మీద నా పేరొక్కటే రాయి, ఇంకేమీ రాయకు.

సంగీత


బూర్గంపాడు,
5 అక్టోబరు 2008

మహారాజశ్రీ అసిస్టెంట్ మేనేజర్ సంగీత, ఎంబీఏ గారి దివ్య సముఖమునకు, అదే యూనివర్సిటీలో అదే తరగతిలో చదివిన సహ విద్యార్థి ధన్‌సింగ్, ఎంబీఏ సవినయంగా సమర్పించు అభినందన.

తప్పు చదవలేదు. నేను కూడా ఎంబీఏనే. జిరాక్సు జతపరిచాను, మార్కుల కాగితంతో సహా.

ఆ జీపు రోజున కోఆర్డినేటరును అడిగాను, నాకూ ఒక సీటు ఇస్తారా అని. "డిగ్రీ ఉందా" అన్నాడు. "ఎనిమిది ఉంది" అన్నాను. "మిగిలిన ఏడేండ్లు అనుభవం కింద ఏస్తం" అన్నాడు. ఎనిమిది, ఏడు కలిపితే పదిహేను, అంటే డిగ్రీ. ఇంత చక్కని కూడిక నాకు ఏ పంతులూ నేర్పలేదు. ఏడు వేలు, ఆయన జీపుకు బతికినంత కాలం పంక్చరు ఉచితం. బేరం తెగింది. చేరింది నీకంటే ఆర్నెల్లు ఆలస్యంగా, బయటపడింది నీతో పాటే.

ప్రశ్నలు ఇంగ్లీషులో, నా జవాబులు తెలుగులో. నాయకత్వ లక్షణాలు రాయమంటే కిషన్‌లాల్ పుంజు కథ రాశాను. ఫైనాన్స్ పేపరులో ట్యూబు అతికించే పద్ధతి రాశాను, బొమ్మతో సహా. ఆ ఒక్కదానికే డెబ్బై తొమ్మిది. మొత్తం మీద డెబ్బై నాలుగు శాతం. నీకు అరవై ఒకటే అట కదా. గడియారం ముందు పెట్టుకోవడం వల్ల వచ్చిన నష్టం అది.

చెయ్యి భుజం దాకా పెట్టాను కోడలా. మూతి నుంచి అడుగు దాకా తాలే. సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి షాపులో తగిలించాను. లారీ డ్రైవర్లు "ఎంబీఏ సాబ్, గాలి" అంటున్నారు.

పేరొక్కటే రాయమన్నావు. సిగ్గుపడకు, ఎనిమిదేళ్ళు అద్దం వెనక కూర్చుని సంపాదించిన హోదా. మక్సూద్ చేత కంప్యూటరులో కొట్టించి కవరు మీద పూర్తిగా అంటించాను. నీ ఆఫీసులో పదిమందీ చూడాలి.

తోటి పట్టభద్రుడు,
ధన్‌సింగ్, ఎంబీఏ


హైదరాబాద్,
19 అక్టోబరు 2008

మామా,

పదిమందీ చూశారు.

మా ఆఫీసులో పేరు మీద వచ్చిన కవరు మనిషికి ఇస్తారు. హోదా మీద వచ్చిన కవరు తపాలు సెక్షన్‌లో చించి, సీలు కొట్టి, రిజిస్టరులో ఎక్కించి పంపుతారు. అందుకే పేరొక్కటే రాయమన్నాను. సిగ్గుపడి కాదు.

తపాలు గుమాస్తా గట్టిగా చదివాడట. పుంజు దగ్గర అందరూ నవ్వారట. ట్యూబు బొమ్మ దగ్గర ఇంకా నవ్వారట. ఆ తర్వాత ఎవరో, "మన మేడంది గూడ ఇదే యూనివర్సిటీనా" అన్నారు. నా సీటుకు వచ్చేసరికి నీ ఉత్తరానికి మూడు సీళ్ళు ఉన్నాయి, అడ్మినిస్ట్రేటరు సంతకం ఉంది.

నాలుగు రోజుల్లో తేల్చేశారు. ఆ యూనివర్సిటీకి గుర్తింపు లేదు, అప్లై కూడా చెయ్యలేదు. చెల్లని సర్టిఫికెట్‌తో పదోన్నతి పొందానని మెమో ఇచ్చారు. ఇంటర్వ్యూలో నేను చెప్పిన జవాబులు ఎవరికీ గుర్తు రాలేదు. పోలీసు కేసు పెట్టకుండా పాత పనిలో ఉంచడమే గొప్ప అన్నారు. మళ్ళీ అద్దం వెనక ఉన్నాను. కౌంటరు దగ్గర మా వాళ్ళే "మేడం, ఒక ట్యూబుకు ఎంత" అని అడుగుతున్నారు.

జనవరి చదువు ఇక లేదు. ఆ జీతం లేదు. ఉన్నా లాభం లేదు, రేపు నిజమైన ఎంబీఏ తెచ్చినా ఫైలు తెరిస్తే ముందు ఆ మెమోనే కనిపిస్తుంది.

నువ్వు అడుగు కాయ తీశావు, నిజమే. ఆ బస్తా మీద నేను కూర్చుని ఉన్నానని చూసుకోలేదు.

నాన్న ఆ రోజు ఒక్క మాట సాయం చేసి ఉంటే ఈ గతి ఉండేది కాదు. ఆయనకు ఇదేమీ చెప్పకు. చెప్పినా ఎక్కువ ఎందుకు పెట్టాలె అంటాడు.

సంగీత


బూర్గంపాడు,
16 నవంబరు 2008

సంగీతా,

నాలుగు వారాలుగా రాసి చించుతున్నాను. ఇది చించకుండా పోస్టు చెయ్యాలని మక్సూద్‌ను పక్కన కూర్చోబెట్టుకున్నాను.

మీ నాన్న నీ గురించి ఆ మాట అనలేదు.

2006 జులైలో ఆయన నా షాపుకు సంచితో వచ్చాడు. కోల్డ్ స్టోరేజీలో దాచుకున్న మిర్చి అంతకు ముందు రోజే అమ్మాడు. నువ్వు చదవాలనుకుంటున్నావని చెవిన వేశానంతే, డబ్బు నేనడగకముందే సంచి మూతి విప్పి, "పిల్ల పెద్ద చదువుకు ఇది సరిపోతదా" అన్నాడు. సరిపోయేది. ఇంకా మిగిలేది కూడా.

అప్పుడు షాపులో నలుగురున్నారు. నలుగురుంటే నాకు నోరు ఊరుకోదని నీకు తెలుసు. "బావా, ఒకటి లక్షన్నర టైరు, ఒకటి ముప్పై వేల టైరు. లోపల రెండింట్ల గాలే. ఎక్కువ పెట్టి కొనేటోడు పిచ్చోడు" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు గాని చెవులు ఎర్రబడ్డాయి. కాసేపటికి మెల్లగా, "పిల్ల ఏమన్నది" అని అడిగాడు. నీ ఉత్తరం నా జేబులోనే ఉంది. రెండూ ఒకటే అనుకోనివ్వకు అని నువ్వు రాసింది. నేను, "పిల్ల గూడ ఏదైనా ఒక్కటే అన్నది" అన్నాను.

నవ్వు పాడవకూడదని అన్నాను. ఇంకో సంగతి కూడా ఉంది. ఎనిమిది దాటని నాకు, ఒక కాగితానికి అంత ఖరీదు ఉంటుందని ఒప్పుకోవడం కష్టమైంది. కడుపుమంట అనుకో. దిద్దుకోవడానికి నెల రోజుల టైముంది. దిద్దితే ఆ నలుగురిలో నేను అబద్ధాలకోరును. అందుకని ఆయన మాట అన్నట్టు నీకు రాశాను. వరద సాకు దొరికింది. చివరికి అది దొంగ చదువని రుజువు చేసి, నిన్ను నవ్వించి, దాంతో చెల్లు అనిపించుకుందామనుకున్నాను.

మిగిలిన డబ్బుతో ఆయన బోరు వేయించాడు. నీళ్ళు పడలేదు.

పోయిన వారం ఆయన షాపుకు వచ్చి గోడ మీద ఫ్రేము చూశాడు. నువ్వు పంపిన జిరాక్సును ఆయన కూడా ఫ్రేము కట్టించి గోరక్క ఫొటో పక్కన పెట్టుకున్నాడు. చాలాసేపు చూసి అడిగాడు. "నీది, పిల్లది ఒక్కటేనా?"

"ఒక్కటే బావా."

"నువ్వెన్ని దినాలు చదివినవ్?"

అప్పుడు సంచి రోజు నేనాడిన అబద్ధం సంగతి, నీ ఉత్తరం సంగతి, మెమో సంగతి అన్నీ చెప్పాను. తిడతాడేమో, కొడతాడేమో అని చూశాను. "అయితే రెండేండ్లు పిల్ల పండక్కు రానిది గిందుకేనా" అన్నాడు. సైకిలు తోసుకుంటూ వెళ్ళిపోయాడు. వెనక టైరులో గాలి లేదు. కొట్టమని అడగలేదు.

ఫ్రేము తీసేశాను. లారీ వాళ్ళకు పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ధన్‌సింగ్


హైదరాబాద్,
30 నవంబరు 2008

మామా,

ఈసారి కవరు మీద నా పేరొక్కటే ఉంది. ఎవరూ చించలేదు, నేనే చించాను.

నాన్నకు వేరే ఉత్తరం రాశాను. అందులో ఏం రాశానో నీకు చెప్పను. ఇక నుంచి నేనే రాస్తాను, మధ్యలో తీగ అక్కర్లేదు. శనివారం బస్సుకు వస్తున్నాను. క్రాస్‌రోడ్డులో దిగను, తండా దగ్గరే దిగుతాను.

నీ ఉత్తరం చివరిదాకా ఎక్కడన్నా నవ్వు వస్తుందేమోనని వెతుక్కుంటూ చదివాను. రాలేదు. నవ్వు లేకుండా నువ్వు రాసిన ఉత్తరం ఇదే మొదటిది. 2006 జులైలో రావాల్సింది.

సంగీత